అమ్మ కట్టిన గది

ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో ఓ తాపీమేస్త్రి ఇల్లు. ఆయన పేరు పాట్రిక్ బ్రౌన్. భార్య బ్రిడ్జెట్. మన పాతకాలపు ఇళ్లు ఒకసారి గుర్తు చేసుకోండి... పెద్దాడి చొక్కా రెండోవాడికి, రెండోవాడిది మూడోవాడికి దిగుతూ, పొయ్యి మీద ఎప్పుడు చూసినా ఏదో ఒకటి ఉడుకుతూ, ఒకళ్లు ఏడిస్తే ఇంకొకళ్లు నవ్వుతూ ఉండే ఇల్లు. అదీ అలాంటిదే. బ్రిడ్జెట్‌కి 22 మంది పుడితే దక్కింది 13 మంది. అందులో ఒకడు 1932 జూన్ 5న రోటుండా ఆసుపత్రిలో పుట్టాడు. వాడికి క్రిస్టీ అని పేరు పెట్టుకున్నారు.

ఏదో తేడా ఉందని ముందుగా కనిపెట్టింది తల్లే. నాలుగు నెలల పిల్లాడికి పాలు పట్టబోతే తల వెనక్కి వాలిపోయేది. మెడ కింద చెయ్యి ఆనిస్తే నిలిచేది, చెయ్యి తీస్తే మళ్లీ వాలేది. పిడికిళ్లు బిగుసుకుపోయి చేతులు వెనక్కి పోయేవి. పాలపీక నోటికి అందిస్తే దవడలు ఒకసారి గట్టిగా మూసుకుపోయేవి, ఇంకోసారి పట్టు లేకుండా జారిపోయేవి. ఆరు నెలలొచ్చినా చుట్టూ దిండ్లు పేరిస్తే తప్ప కూర్చోలేదు. ఏడాది నిండింది, అంతే. అంతమందిని కని పెంచిన చేతికి ఆ మాత్రం తెలియదా? భర్తతో చెప్పింది. ఇద్దరూ పిల్లాణ్ణి ఎత్తుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగారు.

డాక్టర్లు దాదాపు అందరిదీ ఒకటే మాట. లాభం లేదు, వీడింతే. శరీరమే కాదు, బుద్ధి కూడా లేదని తేల్చేశారు. బంధువుల్లో పెద్దవాళ్లు మరో అడుగు ముందుకేసి సలహా ఇచ్చారు. తిండి పెట్టు, ప్రేమగా చూడు, కానీ మనసు పెట్టుకోకు, ఉన్నవాళ్లని చూసుకో అని. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. మన చుట్టూ ఇప్పటికీ వినపడే మాటే కదా!

బ్రిడ్జెట్ ఒప్పుకోలేదు. ఆమె దగ్గర రుజువు ఏమీ లేదు. చదువుకున్న మనిషీ కాదు. పిల్లాడి కళ్లు తనని వెతుకుతున్నాయని మాత్రం ఆమెకి తెలుసు. పని తెమిలాక బొమ్మల పుస్తకం ముందేసుకుని జంతువుల పేర్లు చెప్పేది. అర్థమైతే తల ఊపమనేది. వాడు ఊపేవాడు కాదు. ఒకరోజు గంటలకొద్దీ చెప్పి, చెప్పి, విసిగి కన్నీళ్లు పెట్టుకుని గదిలోంచి వెళ్లిపోయింది కూడా. మర్నాడు మళ్లీ పుస్తకం తీసింది.

ఆ పిల్లాడికున్న జబ్బు పేరు సెరిబ్రల్ పాల్సీ. కడుపులో ఉండగానో, కాన్పు సమయంలోనో, పుట్టిన కొత్తల్లోనో ఎదుగుతున్న మెదడుకి దెబ్బ తగిలితే కండరాలకి వెళ్లే ఆజ్ఞలు దారి తప్పుతాయి. దెబ్బ మెదడుకి, కనపడేది చేతుల్లో, కాళ్లలో, మెడలో, మాటలో. ఆ దెబ్బ రోజురోజుకీ పెరిగేది కాదు, అలాగని పోయేదీ కాదు. వెయ్యి మందిలో ఇద్దరు ముగ్గురు పిల్లలకి వస్తుందని లెక్క. కొందరికి కండరాలు బిగుసుకుపోతాయి. కొందరికి, క్రిస్టీలాగా, శరీరం చెప్పినట్టు వినకుండా తనంతట తానే మెలికలు తిరుగుతుంది. చెయ్యి ఇటు చాపుదామంటే అటు పోతుంది. మాట్లాడబోతే మొహమంతా వంకర్లు పోయి శబ్దం మాత్రం వస్తుంది. లోపల ఆలోచన చక్కగానే ఉండొచ్చు. బయటి వాళ్లకి కనిపించేది ఆ వంకర్లే. అందుకే బుద్ధి లేదన్న ముద్ర అంత సులువుగా పడిపోయేది. 1862లోనే లండన్ డాక్టరు విలియం లిటిల్ ఈ జబ్బు గురించి వివరంగా రాశాడు. అయినా క్రిస్టీ పుట్టేనాటికి ఇలాంటి పిల్లలకి వైద్యం అంటూ ఉందని చాలామంది డాక్టర్లే అనుకునేవారు కాదు.

సరే, ఆ డిసెంబరు మధ్యాహ్నం సంగతికొద్దాం. వాడికి ఐదేళ్లు. బయట చలి. వంటింట్లో పొయ్యి దగ్గర అందరూ చేరారు. అక్క మోనా, అన్న పాడీ పలక మీద లెక్కలు చేసుకుంటున్నారు. మోనా చేతిలో పసుపుపచ్చ సుద్దముక్క. గోడకి చేరగిలబడి చూస్తున్న క్రిస్టీకి ఏమనిపించిందో ఏమో, ఉన్నట్టుండి ఎడమకాలు చాపి, ఆ సుద్దముక్కని వేళ్లతో లాక్కుని పలక మీద ఓ గీత గీకాడు. అంతే! ఇల్లు ఇల్లంతా ఆగిపోయింది. వాడి శరీరంలో వాడి మాట వినే భాగం ఒకటుందని వాడికీ అప్పుడే తెలిసింది.

తల్లి పని వదిలేసి వచ్చి పక్కనే నేల మీద కూర్చుంది. ఇంకో సుద్దముక్కతో ఇంగ్లీషు మొదటి అక్షరం గీసి, అలాగే గియ్యమంది. వాడు ప్రయత్నించాడు. కాలు వణికింది, ఒళ్లంతా చెమట, గీత వంకరపోయింది. మళ్లీ. ఈసారి సగంలో సుద్దముక్క విరిగింది. పారేద్దామనుకున్నాడు. భుజం మీద అమ్మ చెయ్యి పడింది. మిగిలిన ముక్కతో ఆ అక్షరం పూర్తి చేశాడు. తండ్రి వాణ్ణి అమాంతం ఎత్తి భుజాన వేసుకున్నాడు.

అక్షరాలన్నీ ఆ తల్లే నేర్పింది. ఒక్కో అక్షరం ఎన్ని రోజులు పట్టిందో! ఒకరోజు వాడు నేల మీద అమ్మ అన్న మాట, వాళ్ల భాషలో ఆరక్షరాలదీ, కాలితో రాసి చూపించాడు.

అన్నదమ్ములు కూడా వాణ్ణి ఇంట్లో మూల కూర్చోబెట్టలేదు. ఓ పాత తోపుడుబండికి హెన్రీ అని పేరు పెట్టి, అందులో వాణ్ణి కూలేసి వీధులన్నీ తిప్పేవారు. ఆటలకి, అల్లరికి, ఈతకి, అన్నిటికీ వాడు ఉండాల్సిందే. పదేళ్లప్పుడు ఆ బండి విరిగిపోయింది. ఇంట్లో ఉండిపోయిన ఆ రోజుల్లోనే తను మిగతావాళ్లలాంటి వాడు కాదని వాడికి మొదటిసారి తెలిసొచ్చింది. అద్దంలో చూసుకోవడానికి కూడా భయపడ్డాడు. ఆ దిగుల్లోంచి బయటపడేసింది రంగులపెట్టె. క్రిస్మస్‌కి తనకొచ్చిన బొమ్మ సైనికుల్ని పాడీకిచ్చి వాడి రంగులు పుచ్చుకున్నాడు. ఎడమకాలి వేళ్ల మధ్య కుంచె పెట్టుకుని బొమ్మలు వెయ్యడం మొదలెట్టాడు. కాత్రియోనా డెలాహంట్ అనే చక్కటి అమ్మాయి, ఆసుపత్రిలో పేద రోగుల మంచిచెడ్డలు చూసే పని నేర్చుకుంటున్నది, ఈ పిల్లాడి గురించి విని చూడ్డానికి వచ్చింది. వస్తూనే ఉంది. ఆమె ప్రోత్సాహంతో ఓ వారపత్రిక పిల్లల బొమ్మల పోటీకి పంపితే బహుమతి కూడా వచ్చింది.

ఇక్కణ్ణుంచి వాడు అనడం మానేసి అతను అందాం. మీసాలొచ్చే వయసు కదా. తమ్ముళ్లు పనుల్లో చేరారు, వీధిలో తోటివాళ్లు సినిమాలకీ షికార్లకీ పోతున్నారు. అతను కిటికీ దగ్గర. చందాలు పోగేసి లూర్డ్స్ పుణ్యక్షేత్రానికి పంపారు. నయం కాలేదు. కానీ తనకన్నా బాధలో ఉన్నవాళ్లని అక్కడ వందల్లో చూశాడు.

తిరిగొచ్చిన కొన్నాళ్లకి ఇంటి తలుపు తట్టాడో డాక్టరు. రాబర్ట్ కాలిస్. పిల్లల వైద్యుడు, నాటకాలు కూడా రాసేవాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మనీలో బెల్సెన్ శిబిరం నుంచి అనాథ పిల్లల్ని తెచ్చి పెంచుకున్న మనిషి. కొన్నేళ్ల కిందట ఓ సినిమా హాల్లో అన్న వీపు మీద ఎక్కి వస్తున్న కుర్రాణ్ణి చూశాడట. ఆ మొహం మర్చిపోలేక వెతుక్కుంటూ వచ్చాడు. సెరిబ్రల్ పాల్సీకి ఇప్పుడు కొత్త చికిత్స ఉంది, మందులు కాదు, వ్యాయామాలు, కానీ చాలా కష్టపడాలి, సిద్ధమేనా అని అడిగాడు. పదిహేడు పద్దెనిమిదేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న అది. కాలిస్ 1948లో ఐర్లండ్‌లో ఈ పిల్లల కోసం ఒక సంఘం కూడా ప్రారంభించాడు.

ఆదివారాలు వార్నంట్స్ అనే డాక్టరు ఇంటికొచ్చి వ్యాయామాలు చేయించేవాడు. ఎక్కడ? వంటింట్లో! ఆ ఇంట్లో అంతకన్నా చోటెక్కడుంది? ఒక పక్క పొయ్యి, ఒక పక్క చిన్నపిల్లలు, మధ్యలో నేల మీద దుప్పటి పరుచుకుని ఎదిగిన కుర్రాడు చేతులు కాళ్లు ఆడించాలి. బిగుసుకున్న ఒళ్లు సడలాలంటే మనసు నెమ్మదించాలి. ఎవరో గబుక్కున తలుపు తీసినా, గిన్నె పడినా ఇలాంటివాళ్ల శరీరం అదిరిపడి ఇంకా బిగుసుకుపోతుంది. పైగా వయసొచ్చినవాడు, నలుగురి ముందూ ఆ అవస్థ సిగ్గుగా ఉండదూ?

బ్రిడ్జెట్ చూసింది. వీడికి ఒక గది కావాలి అంది. పెరట్లో కడదాం అంది. భర్త, కొడుకులు తాపీపని వాళ్లే, కానీ ఒక్కరూ ఒప్పుకోలేదు. డబ్బేదీ, తీరికేదీ, కుదిరే పని కాదని కొట్టిపారేశారు. ఆమె వాదించలేదు. ఇటుకలూ సిమెంటూ తెప్పించింది. మగవాళ్లు పనులకి పోయాక కొంగు బిగించి, అదే, వాళ్ల ఏప్రన్ బిగించి తాపీ పట్టుకుంది! సాయంత్రం భర్త వచ్చి చూస్తే పెరట్లో గోడ లేస్తోంది. వరసలు తిన్నగా లేవు. జీవితమంతా గోడలు కట్టిన మేస్త్రి ఆ వంకర గోడని చూసి ఎంతసేపు ఊరుకోగలడు? ముందు నవ్వాడు, తరవాత తప్పులు పట్టాడు, ఆఖరికి తనే తాపీ అందుకున్నాడు. కొడుకులూ చెయ్యేశారు. గది లేచింది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇది. ఆమె కావాలనే గోడ వంకరగా కట్టిందేమోనని కూడా నాకో అనుమానం. ఇళ్లల్లో పని చేయించుకునే విద్య మనకి తెలియనిదా ఏం!

సెరిబ్రల్ పాల్సీ పిల్లల వ్యాయామాలంటే ఏమిటో ఇక్కడ కాస్త చెప్పుకోవాలి. క్రిస్టీ రోజుల్లో ముఖ్యంగా చూసేది బిగువుని తగ్గించడం, ఒంటిని సడలించడం. ఆ కాలంలోనే లండన్‌లో బోబాత్ దంపతులు కూడా ఈ పిల్లల చికిత్సలో పెద్ద పేరు తెచ్చుకున్నారు. బలం పెంచాలని శ్రమ పెడితే కండరాలు ఇంకా బిగుసుకుపోతాయని వాళ్ల నమ్మకం. ఆ మాట దశాబ్దాలపాటు లోకమంతా వేదవాక్కులా చెల్లింది. 1990ల నుంచి జరిగిన పరిశోధనలు దాన్ని తిరగరాశాయి. ఈ పిల్లల కండరాలు బిగుసుకుపోవడమే కాదు, నిజంగానే బలహీనంగా ఉంటాయి. బలాన్నిచ్చే వ్యాయామం చేయిస్తే బిగువు పెరగదు, బలం మాత్రం పెరుగుతుంది. నడవగలిగే పిల్లలయితే చిన్న పీట మీంచి చేతులు ఆనించకుండా లేచి నిలబడటం, మెల్లిగా మళ్లీ కూర్చోవడం. గుమ్మం మెట్టు ఎక్కడం, దిగడం. అది తేలికైపోయాక పీట ఎత్తు తగ్గించడం, లేదా నడుముకి కాస్త బరువు కట్టడం. మెడ నిలవని పసివాళ్లకి బోర్లా పడుకోబెట్టి, ఛాతీ కింద చుట్టిన దుప్పటి పెట్టి, ఎదురుగా బొమ్మ ఊపుతూ తల ఎత్తేలా చెయ్యడం. ఏ పిల్లకి ఏది, ఎన్నిసార్లు అన్నది ఫిజియోథెరపిస్టు చూసి చెప్పాలి. పక్కింటావిడ చెప్పిందని ఒకరిది ఇంకొకరికి చేయించకూడదు. పిల్లాణ్ణి ఊరికే పడుకోబెట్టి కాళ్లు చేతులు మనమే వంచి చాపడం వల్ల పెద్దగా ఒరిగేది లేదని కూడా ఇప్పుడు తెలుసు. పిల్లాడు తను కదలాలి. మన రాష్ట్రాల్లో మండల కేంద్రాల్లో ఉన్న భవిత కేంద్రాల్లోనూ, జిల్లా ఆసుపత్రుల్లో చిన్నపిల్లల కోసం పెట్టిన సత్వర చికిత్సా కేంద్రాల్లోనూ ఈ మార్గం చూపిస్తారు. తతిమ్మా రోజులన్నీ ఇంట్లోనే, అమ్మ చేతి మీదే.

మళ్లీ డబ్లిన్‌కి వెళదాం. అసలు ఇబ్బంది ఇప్పుడే వచ్చింది.

కాలిస్ వదినగారు ఐరీన్ కాలిస్ లండన్‌లో ఈ చికిత్సలో నిపుణురాలు. క్రిస్టీని విమానంలో ఆమె దగ్గరికి పంపారు. ఆమె నిదానంగా పరీక్ష చేసింది. బాగుపడే అవకాశం ఉంది అంది. అతని సంతోషం చెప్పలేం. అయితే ఒక షరతు. ఎడమకాలిని వాడటం పూర్తిగా మానెయ్యాలి!

ఆలోచించి చూడండి. అతనికి పలక పట్టిన చెయ్యి అది. కుంచె పట్టిన చెయ్యి అది. నోరు అది. అతను మనిషని లోకానికి సాక్ష్యం చెప్పింది ఆ ఒక్క కాలే. దాన్ని ముడుచుకోమంటే?

ఆమె చెప్పినదాంట్లో తర్కం లేకపోలేదు. ఆ కాలితో ప్రతి చిన్న పనీ చెయ్యడానికి అతను ఒళ్లంతా విల్లులా బిగించాల్సి వచ్చేది. మెడ, వీపు, చేతులు అన్నీ ఆ ఒక్క కాలికి ఊడిగం చేసేవి. పైగా పని జరిగిపోతూ ఉంటే మిగతా అవయవాలు నేర్చుకునే అవసరమే రాదు. ఇప్పటికీ ఒక పక్క మాత్రమే జబ్బున్న పిల్లలకి బాగున్న చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేతితో ఆడించే పద్ధతి ఉంది. బాగా పనిచేస్తుంది కూడా. కానీ అది కొన్ని వారాలు, రోజుకి కొన్ని గంటలు. క్రిస్టీని అడిగింది అది కాదు. అతనికున్న ఒక్కగానొక్క మంచి అవయవాన్ని.

ఒప్పుకున్నాడు. బాగుపడాలన్న ఆశ అలాంటిది. ఎడమకాలికి జోడు తొడిగి కట్టేశారు. బొమ్మలు ఆగిపోయాయి. రాత ఆగిపోయింది. డబ్లిన్‌లో కాలిస్ మొదలెట్టిన క్లినిక్‌కి వెళ్లేవాడు. అక్కడ చుట్టూ చిన్నచిన్న పిల్లలు, మధ్యలో ఈ పెద్దవాడు. మొదట్లో వాళ్లని చూసి కలవరపడ్డాడు. తన బాల్యం వాళ్లలో కనపడి ఉంటుంది. పట్రీషియా షీహన్ అనే ఆమె మాటలు నేర్పేది. గాలి పీల్చడం, వదలడం, బుడగలు ఊదడం. పెద్దవాళ్లు చూస్తే ఆటలాగే ఉంటుంది, కానీ మాటకి కావలసిన బలం ఊపిరిలో ఉంది. ఇంటికొచ్చాక అమ్మ కట్టిన గదిలో మళ్లీ అవే వ్యాయామాలు, రోజూ. ఫలితం లేకపోలేదు. మెడ కొంత నిలిచింది. ఒళ్లు కొంత నెమ్మదించింది. మాట, ఇంట్లోవాళ్లకి తప్ప అర్థంకానిది, బయటివాళ్లకీ కాస్త కాస్త అర్థమవసాగింది. చేతులు మాత్రం రాలేదు.

బొమ్మలు లేవు కాబట్టి మాటల మీద పడ్డాడు. తన కథ రాద్దామనుకున్నాడు. తను చెబుతుంటే తమ్ముడు ఈమన్ రాసేవాడు. ఆ మాట అర్థం చేసుకుంటూ, ఆ వేగానికి రాస్తూ, పాపం ఆ పిల్లాడి చెయ్యి ఎంత నొప్పెట్టి ఉంటుందో! వందల పేజీలయ్యాయి. కాలిస్‌కి చూపిస్తే మొహమాటం లేకుండా బాగాలేదన్నాడు. పాత నవలల్లోని డాంబికపు ఇంగ్లీషంతా తెచ్చి పోశాడట. జాలిపడి మెచ్చుకోకుండా రచయితకి రచయిత చెప్పినట్టు చెప్పాడు. ఎలా రాయాలో కూర్చోబెట్టి నేర్పాడు, పుస్తకాలిచ్చాడు. రెండోసారి రాశాడు. అదీ కుదరలేదు. మూడోసారి.

ఆ మూడోసారి రాయిస్తున్న రోజుల్లో ఒకనాడు ఇక ఆగలేకపోయాడు. మనసులో ఉన్న వాక్యం నోటిదాకా వచ్చేసరికి ఒకటి, తమ్ముడి కలం దగ్గరికి చేరేసరికి ఇంకొకటి. కాలి జోడు, మేజోడు లాగి పారేశాడు. ఎడమకాలి వేళ్ల మధ్య పెన్సిలు పట్టుకున్నాడు. రాశాడు. రాస్తూనే ఉన్నాడు. చికిత్సకి విరుద్ధమని తెలుసు. అపరాధం చేస్తున్నట్టు అనిపించిందో లేదో గానీ, చాలాకాలం తరవాత తను తనలా ఉన్నాడు.

ఎవరిది తప్పు? నన్నడిగితే ఎవరిదీ కాదంటాను. కానీ ఎవరు గెలవాలో మాత్రం నాకు సందేహం లేదు. వ్యాయామం మనిషి కోసం. మనిషి వ్యాయామం కోసం కాదు. ఇవాళ్టి వైద్యులు కూడా మొదట అడిగే ప్రశ్న పిల్లాడు ఏం చెయ్యాలనుకుంటున్నాడు అని. తనంతట తను అన్నం కలుపుకోవాలా, సైకిలు తొక్కాలా, బడిలో బల్ల మీద కూర్చోవాలా? ఆ పనిని అచ్చంగా ఆ చోటే, ఆ వస్తువులతోనే పదేపదే సాధన చేయించడమే ఇప్పుడు మేలైన చికిత్స. బలాన్నిచ్చే వ్యాయామాలు దానికి తోడు. కాళ్లకి బలం వచ్చినంత మాత్రాన నడక దానంతటది మెరుగైపోదు, నడక కోసం నడక సాధన కూడా కావాలి. క్రిస్టీని ఆనాడు ఎవరైనా ఏం కావాలని అడిగి ఉంటే చెయ్యి కావాలనేవాడా, రాత కావాలనేవాడా? జోడు విప్పినప్పుడే జవాబు చెప్పేశాడు.

పుస్తకం అచ్చు కాకముందే ఒక వేడుక జరిగింది. సెరిబ్రల్ పాల్సీ పిల్లల సహాయనిధి కోసం డబ్లిన్‌లో గ్రెషమ్ హోటల్లో అమెరికన్ గాయకుడు బర్ల్ ఐవ్స్ కచేరీ. దాని మధ్యలో కాలిస్ వేదిక మీద నిలబడి క్రిస్టీ రాసిన మొదటి అధ్యాయం చదివాడు, ఆ పసుపు సుద్దముక్క కథ. కిక్కిరిసిన హాలు చడీచప్పుడు లేకుండా విన్నది. పూర్తయ్యాక ఎర్రగులాబీల గుత్తి తెచ్చి ఇచ్చింది ఎవరికనుకున్నారు? బ్రిడ్జెట్‌కి. సున్నం, సిమెంటు, పిల్లల బట్టల సబ్బునీళ్లు తెలిసిన ఆ చేతుల్లో గులాబీలు!

1954లో మై లెఫ్ట్ ఫుట్ అచ్చయింది. అతనికి 22 ఏళ్లు. తరవాత చాలాకాలం పెద్దగా ఏమీ రాలేదు. లోపల ఓ నవల నలుగుతోంది. ఎలక్ట్రిక్ టైపురైటరు వచ్చింది, ఎడమకాలి చిటికెనవేలితో ఒక్కో అక్షరం కొట్టేవాడు. తాగుడు కూడా అలవాటైంది. అమెరికాలో ఉన్న బెత్ మూర్ అనే స్నేహితురాలు తన ఇంట్లో పెట్టుకుని, ఆ రోజు రాత పూర్తయితే గాని సీసా ముట్టుకోనివ్వకుండా కూర్చోబెట్టి రాయించింది. డౌన్ ఆల్ ది డేస్ నవల 1970లో వచ్చి దేశదేశాల్లో అమ్ముడుపోయింది, అనేక భాషల్లోకి వెళ్లింది. ఈసారి ఎవరూ పాపం కుంటివాడు రాశాడని అనలేదు, రచయిత అన్నారు. అది చూడ్డానికి తల్లి లేదు. 1968లోనే పోయింది.

కవిత్వం రాశాడు, ఇంకా నవలలు రాశాడు. 1972లో మేరీ కార్ అనే నర్సుని పెళ్లి చేసుకున్నాడు. డబ్లిన్ వదిలి పల్లెకి, సముద్రతీరానికి, చివరికి ఇంగ్లండ్‌కి మారారు. 1981 సెప్టెంబరు 7న భోజనం చేస్తుండగా గొంతులో మాంసం ముక్క అడ్డుపడి ప్రాణం పోయింది. 49 ఏళ్లు. పసివాడుగా ఉన్నప్పుడు మింగడం సరిగా రాని ఆ గొంతు చివరిదాకా అతని మాట పూర్తిగా వినలేదు. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకి తిండి పెట్టేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, చిన్నచిన్న ముద్దలు, మెత్తగా పెట్టమని పదేపదే చెప్పేది ఇందుకే. డబ్లిన్‌లో గ్లాస్నెవిన్ శ్మశానంలో సమాధి చేశారు.

1989లో జిమ్ షెరిడన్ ఆ పుస్తకాన్ని అదే పేరుతో సినిమా తీశాడు. క్రిస్టీగా డేనియల్ డే లూయిస్, తల్లిగా బ్రెండా ఫ్రికర్. ఇద్దరికీ ఆస్కార్లు వచ్చాయి. 1948లో కాలిస్ మొదలెట్టిన ఆ సంఘం ఎనేబుల్ ఐర్లండ్ అనే పేరుతో ఇవాళ్టికీ పనిచేస్తోంది. సినిమా దొరికితే చూడండి. అమ్మ పెరట్లో ఇటుకలు పేర్చే సన్నివేశం అందులో కూడా ఉంది.